క్యాసినో వస్తానంటే ఊరు ఒప్పుకోవాలా?

సందేహాల బండి (చర్చ మొదలుపెట్టినవారు)

ఈ గొడవ ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. థాయ్‌లాండ్‌లో క్యాసినోలకు దారి తెరిచే బిల్లుకు 2025 జనవరిలో క్యాబినెట్ సరేనంది, జూలైకల్లా వెనక్కి తీసుకుంది. జపాన్‌లో ఒసాకా రమ్మంది. యోకోహామాలో మాత్రం 2021 మేయర్ ఎన్నికలో క్యాసినో వద్దన్నాయన గెలిచి, ప్రతిపాదనను చెత్తబుట్టలో వేశాడు. న్యూయార్క్‌లో మూడు లైసెన్సుల కోసం కంపెనీలు క్యూ కడితే, మన్‌హటన్‌లో పెడతామన్న ప్రతి ప్రాజెక్టునూ స్థానిక కమిటీలే తిప్పికొట్టాయి.

నా ప్రశ్న సూటిగా ఇది. సరైన ఆదాయ వనరులు లేని ఒక ఊరికి క్యాసినో ప్రతిపాదన వచ్చింది. కంపెనీ వాళ్లు ఉద్యోగాలు, పన్నులు, టూరిజం అంటున్నారు. ఎదిరించేవాళ్లు అప్పులు, దొంగతనాలు, కొంపలు కూలడం అంటున్నారు. ఆ ఊళ్లో మీకు ఓటు ఉంటే ఎటు వేస్తారు, ఎందుకు? జూదం పాపమా కాదా అన్నది ఇక్కడ వద్దు. ధర్మరాజును అసలే లాగకండి.

గట్టు మీద మనిషి

అవునని వేస్తాను. ఉపాధి లేని ఊరికి నీతులు చెప్పడం కడుపు నిండినవాళ్ల పని.

దక్షిణ కొరియాలో కాంగ్వన్ ప్రాంతంలో బొగ్గు గనుల మీదే బతికిన ఊళ్లుండేవి. గనులు మూతపడి జనం వలసపోతుంటే 1995లో ప్రత్యేక చట్టం తెచ్చారు, 2000లో కాంగ్వన్ ల్యాండ్ క్యాసినో తెరిచారు. ఆ దేశంలో కొరియన్లు ఆడగలిగే క్యాసినో అదొక్కటే. అమెరికా మూలవాసి తెగల క్యాసినోల మీద ఎవాన్స్, టోపొలెస్కీ అనే ఆర్థికవేత్తలు 2002లో ఒక అధ్యయనం వెలువరించారు. క్యాసినో తెరిచిన నాలుగేళ్లకు ఆ తెగల్లో ఉపాధి 26 శాతం పెరిగింది. పని చేస్తూ కూడా పేదరికంలో ఉన్నవాళ్ల వాటా 14 శాతం తగ్గింది. దీనికేమంటారు?

వాన చినుకు

గట్టు గారూ, అదే అధ్యయనం ఇంకాస్త కిందికి చదివితే బాగుండేది. ఆ నాలుగేళ్లకే క్యాసినో ఉన్న కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) దివాలాలు, హింసాత్మక నేరాలు, కార్ల దొంగతనాలు పది శాతం పెరిగాయని వాళ్లే రాశారు. మీకు కావలసిన ముక్క మీరు తెచ్చుకున్నారు.

కాంగ్వన్ సంగతీ అంతే. క్యాసినో కింద సాబుక్ అని చిన్న పట్టణం ఉంది. అక్కడి వీధుల పేరు చెబితే కొరియన్లకు గుర్తొచ్చేవి తాకట్టు కొట్లు. కారులో వచ్చి, కారు కుదువబెట్టి, బస్సెక్కి పోయేవాళ్లు. చివరికి ఒక మనిషి నెలకు 15 రోజులకు మించి రాకూడదని రూలు పెట్టారు. నెలలో సగం రోజులు! దాన్ని పరిమితి అంటారా, హాజరు పట్టీ అంటారా?

ఇక అమెరికాలోని అట్లాంటిక్ సిటీ. సముద్రం ఒడ్డున పాడుబడుతున్న ఊరిని బాగు చేస్తామనే 1976లో న్యూజెర్సీ జనం చేత ఓటు వేయించుకున్నారు. 1978లో మొదటి క్యాసినో వచ్చింది. చుట్టుపక్కల రాష్ట్రాలు కూడా క్యాసినోలు తెరిచేదాకా డబ్బు పారింది. 2014 ఒక్క ఏడాదిలోనే పన్నెండింటిలో నాలుగు మూతపడ్డాయి, సుమారు 8,000 ఉద్యోగాలు పోయాయి. అందులో రెవెల్ అనేది 240 కోట్ల డాలర్లు పోసి కట్టి 2012లో తెరిచింది. మూడేళ్లకే 8.2 కోట్లకు అమ్ముడుపోయింది. 2016లో ఆ ఊరి పాలనను రాష్ట్రమే చేతిలోకి తీసుకోవాల్సి వచ్చింది.

గట్టు మీద మనిషి

నలభై ఏళ్లకు దగ్గరగా ఉద్యోగాలిచ్చింది కదండీ. ఏ ఫ్యాక్టరీ అంతకంటే ఎక్కువ కాలం గ్యారంటీ ఇస్తుంది? స్టీలు ఊళ్లు మూతపడలేదా?

లెక్కల మాస్టారు

ఇద్దరూ గణాంకాలు బాగానే విసురుకుంటున్నారు గానీ, క్యాసినో ఎలా సంపాదిస్తుందో ఒకసారి చూద్దాం. మిగతాదంతా దాని నుంచే వస్తుంది.

యూరప్ పద్ధతి రూలెట్ చక్రంలో 37 గళ్లు ఉంటాయి. ఒక అంకె మీద గెలిస్తే కాసిన పందెం తిరిగి ఇచ్చి, పైన దానికి 35 రెట్లు ఇస్తారు. ఆ తేడా వల్ల పందెం కాసిన ప్రతి వందలో సగటున 2.70 హౌస్‌కు, అంటే క్యాసినోకు మిగులుతుంది. అమెరికా చక్రంలో సున్నాలు రెండు, కాబట్టి అక్కడ 5.26. చూడడానికి ఇది చిన్న కోతే. కానీ అది జేబులోని డబ్బు మీద కాదు, తిరిగే డబ్బు మీద పడుతుంది. బొత్తాం నొక్కి ఆడే స్లాట్ మెషీన్‌లో కోత ఎనిమిది శాతం అనుకుందాం. పదేసి చొప్పున గంటకు ఆరు వందల సార్లు నొక్కితే ఆరు వేలు తిరిగినట్టు. సగటున 480 పోయినట్టు. ఆ మనిషి తెచ్చుకున్నది మాత్రం వెయ్యే కావచ్చు.

అంటే రహస్యం కోతలో లేదు, ఎంతసేపు కూర్చున్నారన్నదాంట్లో ఉంది, ఎన్నిసార్లు తిరిగి వచ్చారన్నదాంట్లో ఉంది. ఏడాదికోసారి వచ్చే టూరిస్టు ఎంతసేపు కూర్చుంటాడు? అరగంట దూరంలో ఇల్లున్నవాడు ఎన్నిసార్లు వస్తాడు? ఆస్ట్రేలియా ప్రొడక్టివిటీ కమిషన్ 2010లో వేసిన అంచనా ప్రకారం అక్కడి పోకర్ మెషీన్ల (స్లాట్ మెషీన్లను అక్కడ అలా అంటారు) మీద జనం పెట్టే ఖర్చులో దాదాపు 40 శాతం జూదం అదుపు తప్పినవాళ్లదే. వాళ్లు జనాభాలో మాత్రం చాలా చిన్న భాగం.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. వచ్చే డబ్బు ఎవరిది? బయటివాళ్లదైతే అది ఊరికి ఆదాయం. ఊరివాళ్లదే అయితే కిరాణా కొట్టుకో, ఫీజులకో పోవాల్సింది టేబుల్ మీదికి వెళ్లి, కంపెనీ ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఈ రెండోదాన్ని కూడా ప్రతిపాదనల్లో ‘ఆర్థిక కార్యకలాపం’ అనే రాస్తారు.

నైట్ డ్యూటీ

మాస్టారు చెప్పింది టేబుల్ అవతలి వైపు నుంచి నేను చూశాను. విదేశంలో ఒక క్యాసినోలో డీలర్‌గా, అంటే టేబుల్ దగ్గర ఆట నడిపేవాడిగా పని చేశాను. పేరు వద్దు.

మా యూనిఫాంకు జేబులుండవు. టేబుల్ వదిలే ముందు రెండు అరచేతులూ కెమెరాకు చూపించాలి, చిప్ (డబ్బుకు బదులు పందెం కాసే బిళ్ల) ఏదీ దాచలేదని. అలా చూపించుకుంటూ బ్రేకుకు వెళ్లేటప్పుడు హాలంతా కనపడుతుంది. టూరిస్టును ఇట్టే గుర్తుపట్టొచ్చు. పైకప్పు చూస్తాడు, లైట్లు చూస్తాడు, ఫొటో తీయబోయి సెక్యూరిటీ చేత చెప్పించుకుంటాడు, కాస్త పోగొట్టుకుని నవ్వుకుంటూ భోజనానికి పోతాడు. రోజూ వచ్చేవాళ్లు తలెత్తరు. క్యాసినో ఇచ్చిన సభ్యత్వ కార్డు మెషీన్‌లో పెట్టి, దానికి కట్టిన తాడు బొత్తాంకు తగిలించుకుని కూర్చుంటారు. మా షిఫ్టులు మాకంటే వాళ్లకే బాగా తెలుసు. ఒకావిడ మార్కెట్ సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని ఆడేది. అందులో ఆకుకూర వాడిపోయి కనపడేది.

ఉద్యోగాల గురించి కూడా చెప్పాలి. అబద్ధం కాదు, ఇస్తారు, నాకు జీతం సమయానికే వచ్చింది. కానీ అది రాత్రి పని. కొట్లు పెరుగుతాయి, హోటళ్లు పెరుగుతాయి, అద్దెలూ పెరుగుతాయి. చైనాలోని క్యాసినోల నగరం మకావ్‌లో డీలర్ ఉద్యోగాలు స్థానికులకే రిజర్వు చేశారు. దాంతో కుర్రాళ్లు చదువు మానేసి టేబుళ్ల దగ్గరికి పరిగెత్తుతున్నారన్న బెంగ పట్టుకుంది. 2012లో క్యాసినోలో అడుగుపెట్టే వయసు, పని చేసే వయసు కూడా 18 నుంచి 21కి పెంచారు.

గట్టు మీద మనిషి

నైట్ డ్యూటీ గారి మాట కాదనను. కానీ దీనికి మందు లేదా? సింగపూర్ చూడండి. రెండే రెండు లైసెన్సులు. రెండూ 2010లో తెరిచారు. విదేశీయులకు ప్రవేశం ఉచితం. సొంత పౌరులకు, పర్మనెంట్ రెసిడెంట్లకు మాత్రం రోజుకు 100 సింగపూర్ డాలర్ల రుసుము, 2019 నుంచి 150. ఇంట్లోవాళ్లు అప్లై చేసి తమ మనిషిని లోపలికి రానివ్వకుండా ఆపించవచ్చు. అక్కడి ప్రభుత్వ సర్వేల్లో జూదంతో ఇబ్బంది పడేవాళ్లు 2005లో 4.1 శాతం ఉంటే, 2017లో 0.9 శాతం. క్యాసినోలు వచ్చాక తగ్గారు సార్! మొనాకో, నేపాల్ అయితే సొంత పౌరులను ఆడనివ్వవు. గోవా కూడా 2020 ఫిబ్రవరి నుంచి స్థానికులకు ప్రవేశం లేదంది. మాస్టారి ప్రశ్నకు జవాబు ఇదే కదా. బయటివాళ్ల డబ్బు రానివ్వండి, మనవాళ్లకు గేటు వేయండి.

వాన చినుకు

సింగపూర్ అంటే ఒక దేశం. పక్క జిల్లా వాడు తక్కువ రూల్స్‌తో పోటీకి దిగే భయం లేదు. క్యాసినో లేకపోయినా బతకగల ఖజానా ఉంది. మనం మాట్లాడుతున్నది ఆదాయ వనరుల్లేని ఊరు. అలాంటిచోట షరతుల గతి ఏమవుతుందో రెండు ఉదాహరణలు చెబుతాను.

అమెరికాలో అయోవా రాష్ట్రం 1989లో నదిలో పడవల మీద జూదానికి ఒప్పుకుంది, 1991లో పడవలు మొదలయ్యాయి. ఒక పందెం 5 డాలర్లు దాటకూడదు, ఒక ట్రిప్పులో 200 డాలర్లకు మించి పోగొట్టుకోకూడదు. ముచ్చటైన చట్టం. పక్కనున్న ఇల్లినాయ్ రాష్ట్రం అలాంటి పరిమితులు లేకుండా పడవలు దించింది. 1994లో అయోవా రెండు షరతులూ ఎత్తేసింది. సౌత్ డకోటాలో డెడ్‌వుడ్ అనే పాత గనుల ఊరు ఉంది. అక్కడ 1989లో 5 డాలర్ల పందెంతో మొదలైంది. 2000లో 100 చేశారు, 2012లో వెయ్యి. ఊరి బడ్జెట్ క్యాసినో పన్ను మీద నిలబడ్డాక, ‘రూల్ సడలించకపోతే మూసేస్తాం’ అని కంపెనీ అంటే కాదనే దమ్ము ఏ మున్సిపాలిటీకి ఉంటుంది?

ఊరికే చదువుతా

నేరాలు పెరుగుతాయా లేదా, ఒక్క మాటలో ఎవరైనా చెప్పండి. అంతా తిప్పి తిప్పి చెబుతున్నారు.

లెక్కల మాస్టారు

ఒక్క మాటలో తేలదు నాయనా. గ్రినోల్స్, మస్టర్డ్ అనే ఆర్థికవేత్తలు 2006లో అమెరికా కౌంటీలన్నింటి రెండు దశాబ్దాల లెక్కలు తీశారు. తెరిచిన కొత్తలో మార్పు పెద్దగా లేదు, మూడు నాలుగేళ్ల తర్వాత నేరాలు పెరిగాయన్నారు. వాకర్ అనే ఆయన అభ్యంతరం చెప్పాడు. లక్ష జనాభాకు ఇన్ని నేరాలు అంటున్నారే, ఊరికి వచ్చిపోయే లక్షల టూరిస్టులను జనాభాలో కలపలేదేం అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ దొంగతనం జరిగినవాడికి ఆ భాగహారం ఏం ఓదార్పు? పోలీసు స్టేషన్‌కు ఫిర్యాదులు పెరిగాయంటే, కానిస్టేబుళ్లను పెంచే ఖర్చు ఊరిదే.

చెట్టు నీడ

ఇంతసేపు చదివాను. అందరూ డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుందనే అడుగుతున్నారు, ఎటు పోతుందని ఎవరూ అడగలేదు. నార్త్ కరోలినాలో తూర్పు చెరొకీ తెగవాళ్లు 1997లో క్యాసినో తెరిచారు. తెగదే ఆస్తి. లాభంలో భాగం ఏడాదికి రెండుసార్లు ప్రతి సభ్యుడికీ పంచుతారు. ఆ ప్రాంతంలో అప్పటికే 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యం మీద ఒక పరిశోధన నడుస్తోంది, అందులో నాలుగో వంతు ఆ తెగ పిల్లలే. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్లలో పిల్లల మొండితనం, దుడుకు ప్రవర్తన తగ్గి, ఎప్పుడూ పేదలు కాని పిల్లల స్థాయికి వచ్చాయని 2003లో తేలింది. దిగులు, ఆందోళన మాత్రం తగ్గలేదు.

గట్టు గారు మొదట చెప్పిన 26 శాతం కూడా తెగల సొంత క్యాసినోలదే. బయటి కంపెనీ వచ్చి లైసెన్స్ కొనుక్కుంటే అదే ఫలితం వస్తుందని చెప్పడానికి ఆ అంకె పనికిరాదు.

గట్టు మీద మనిషి

ఇది ఒప్పుకోవాల్సిన పాయింటే. అయితే ఊరికి వాటా అడగండి, అడ్డుకోవడం ఎందుకు?

వాన చినుకు

అడిగే చోటు ఉండాలి కదా. న్యూయార్క్ నగరంలో ప్రతి ప్రతిపాదనకూ ఆరుగురి స్థానిక కమిటీ వేశారు, కనీసం నలుగురు ఒప్పుకుంటేనే అది లైసెన్సింగ్ బోర్డు దాకా వెళ్తుందన్నారు. అందుకే కంపెనీలు వచ్చి పార్కులు, ఇళ్లు ఇస్తామని బేరాలాడాయి. మిగతాచోట్ల ఊరివాళ్లకు సంగతి తెలిసేది శంకుస్థాపన ఫ్లెక్సీ చూశాకే.

ఇంకోటి. న్యూజెర్సీలో 1976కు ముందు, 1974లో కూడా ఓటింగ్ జరిగింది. అప్పటి ప్రతిపాదన రాష్ట్రంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చని. జనం ఓడించారు. రెండేళ్ల తర్వాత ‘అట్లాంటిక్ సిటీలో మాత్రమే’ అనగానే గెలిపించారు.

సందేహాల బండి

నేనైతే ఓటు వేసే ముందు కంపెనీని ఒక కాగితం అడుగుతాను. ఇప్పటికే నడుపుతున్న క్యాసినోల్లో, గంట ప్రయాణం లోపల ఉండేవాళ్ల నుంచి వచ్చే ఆదాయం ఎంత శాతం? నైట్ డ్యూటీ గారూ, ఆ లెక్క వాళ్ల దగ్గర ఉంటుందా?

నైట్ డ్యూటీ

ఎందుకుండదండీ. ఆ తాడు కట్టిన కార్డు తీసుకునేటప్పుడే అడ్రస్ రాయించుకుంటారు. ఎవరు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎంతసేపు ఆడారు, ఎంత పోయింది, అన్నీ సిస్టమ్‌లో ఉంటాయి. నాలుగు రోజులు కనపడకపోతే ఫ్రీ భోజనం కూపన్ పంపేది దాన్ని బట్టే.

గట్టు మీద మనిషి

సరే, ఆ కాగితం ఇచ్చారనుకోండి. పది శాతమే ఉంది. అప్పుడు నాతో కలిసి ఓటు వేస్తారా?

సందేహాల బండి

ముందు ఇవ్వనివ్వండి సార్.