రష్యాలోని కిమ్ఝా ఊరి పాత జనాభా లెక్కలు ఎలా చదవాలి?

అందరికీ నమస్కారం. రష్యా ఉత్తర కొసన, అర్ఖాంగెల్స్క్ ప్రాంతంలో మెజెన్ నదికి దగ్గరగా కిమ్ఝా అనే చిన్న పల్లె ఉంది. 18వ శతాబ్దంలో కట్టిన ఎత్తైన చెక్క చర్చి, గాలిమరలు ఇంకా నిలిచి ఉన్నాయి. ప్రపంచంలో అన్నిటికంటే ఉత్తరాన ఉన్న పాత గాలిమరలు ఇవేనంటారు. ఈ ఊరి చరిత్ర తెలుగులో రాయాలని నాకు చాలా కోరిక.

చిక్కంతా జనాభా దగ్గరే వచ్చింది. మొదటి సమగ్ర జనగణన 1897లో జరిగింది. అంతకుముందు 1719 నుంచి 1858 దాకా పది విడతలు తీసిన లెక్కలు తలపన్ను కోసం. పన్ను మగవాళ్ల మీదే కాబట్టి కొన్ని విడతల్లో ఆడవాళ్లను రాయనే లేదు. కొన్ని పాత పత్రాల్లో అయితే ఇళ్ల సంఖ్య మాత్రమే ఉంటుంది. వీటిని తర్వాతి అంకెల పక్కన పెట్టి పోల్చవచ్చా? ఇంటికి సగటున ఇంతమంది అని వేసుకోవడం సరైన పద్ధతేనా?

ఇంకొకటి, 1918 సంస్కరణకు ముందు లిపిలో ఇప్పుడు లేని అక్షరాలున్నాయి. చేతిరాత అస్సలు అర్థం కావడం లేదు. రష్యాలో మెడిసిన్ చదివిన మనవాళ్లు గానీ, అక్కడ స్థిరపడినవాళ్లు గానీ ఒకట్రెండు పేజీలు చదివి చెప్పగలరా? అర్ఖాంగెల్స్క్ ఆర్కైవ్ నుంచి చర్చి జనన మరణ రిజిస్టర్ల స్కాన్ కాపీలు విదేశీయులు అడిగితే ఇస్తారా?

2010 జనగణన నాటికే రష్యాలో 19 వేలకు పైగా పల్లెల్లో ఒక్క మనిషీ లేడు. కిమ్ఝా ఎలా నిలబడిందో సరైన అంకెలతో రాయాలని నా తపన. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.