‘పాటి తూమునకును…’: పాల్కురికి సోమన కొలతల లెక్క

శైవకవి పాల్కురికి సోమన పేరెత్తగానే అందరం, తన భాషకు ఆయన పెట్టుకున్న ‘జాను తెనుగు’ అన్న పేరు దగ్గరే ఆగిపోతాం. ‘జాను’ అంటే ఏమిటన్న పోట్లాట తెగేది కాదు. నాకైతే ఆయన కావ్యం బసవపురాణంలో ఆ మాట వెంటనే వచ్చే పాదాల్లోనే అసలు సరుకు ఉందనిపిస్తుంది:

తెలుగు మాటలనంగ వలదు వేదముల
కొలదియ కా జూడు డిల నెట్టులనిన
పాటి తూమునకును పాటి యౌనేని
పాటింప సోలయు పాటియ కాదె

ఇవి వట్టి తెలుగు మాటలే కదా అనకండి, వేదాలకు సాటిగానే చూడండి. తూము సరైన కొలతైతే సోల కూడా సరైన కొలతే కదా అంటున్నాడు.

పాత లెక్కలో తూముకు 4 కుంచాలు, కుంచానికి 16 సోలలు. అంటే 64 సోలలైతే గానీ తూము నిండదు. అయినా కళ్లంలో వడ్లు తూముతో కొలిచినా, ఇంట్లో బియ్యం సోలతో కొలిచినా కొలత కొలతే. సోల చిన్నదే గానీ దొంగ కొలత కాదు.

గడుసువాడు. శాస్త్రం చదివినవాళ్లకు వేదమే ప్రమాణం. దాన్ని ఆయన కాదనలేదు. ఆ ప్రమాణం గొడవను తీసుకొచ్చి రైతుకు తెలిసిన కొలపాత్రలో పోశాడు, అంతే. సంస్కృతం రాక తెలుగు పట్టుకున్నాడా అంటే, సోమనాథభాష్యమనే గ్రంథం సంస్కృతంలోనే రాశాడాయె. రెండేసి పాదాల దేశి ఛందస్సు ద్విపద ఎందుకు పట్టాడంటే ‘సర్వసామాన్యమగుట’ అని ముందు పాదాల్లో ఆయనే చెప్పాడు.

“అంటే తెలుగు సోలంతే అని ఒప్పుకున్నట్టేగా?” అని ఎవరైనా అడగొచ్చు. పరిమాణంలో ఒప్పుకున్నాడనే నాకూ అనిపిస్తుంది. కానీ వెంటనే ‘అల్పాక్షరముల ననల్పార్థ రచన కల్పించుటయ కాదె కవివివేకంబు’ అని తిప్పేశాడు. కొద్ది అక్షరాల్లో పెద్ద అర్థం ఇమడ్చడమే కవి తెలివి అని. ఇక్కడ ఉపమానం కాస్త బెసుకుతుంది, నిజమే. తూమెడు గింజలు సోలలో పట్టవు.

1290లో గీతకు ఓవీ అనే మరాఠీ ఛందస్సులో వ్యాఖ్యానం చెప్పిన జ్ఞానేశ్వరుడు, నా మరాఠీ పలుకు పందెం వేసి అమృతాన్నైనా గెలుస్తుందంటాడు. అది రుచి మీద పందెం. సోమన ఆ రుచి మాటను ముందు పాదాల్లోనే ‘సరసమై’ అని ఒక్క ముక్కలో తేల్చేసి కొలత దగ్గరికొచ్చాడు. నా ఓటు సోమనకే.

పద్యంలో ‘పాటింప’ అంటే ‘ఆచరిస్తే’ అని కొందరికి తోచవచ్చు గానీ, ఇక్కడ ‘ఎంచి చూస్తే’ అంటేనే పొసుగుతుంది. ఇక ‘పాటి’ అంటారా, ‘ఆపాటి తెలియదా’ అంటామే, ఆ పాటే ఇది. ‘పాటింప’తో కలిపి రెండు పాదాల్లో నాలుగుసార్లు వాడాడు. పాదాల మొదట ఉన్న రెండూ ప్రాసకు, నడుమ ఉన్న రెండూ యతికి. ఒక్కటీ దండగ పోలేదు.