ఫోన్లలో వైఫై వస్తోంది, కేబుల్ పెట్టిన కంప్యూటర్‌కి మాత్రం నెట్ రావట్లేదు

ప్రశ్న:
నమస్కారం అండీ. మొన్న పాత బ్రాడ్‌బ్యాండ్ తీసేసి ఫైబర్ పెట్టించుకున్నాం. మోడెమ్ మీద పాన్ (ఫైబర్ సిగ్నల్ చూపించేది), ఇంటర్నెట్ లైట్లు పచ్చగా ఉన్నాయి, ఎర్ర లైటు లేదు. ఫోన్లన్నిటికీ వైఫై వస్తోంది. నేను పని చేసుకునే డెస్క్‌టాప్‌లో మాత్రం ‘అన్‌ఐడెంటిఫైడ్ నెట్‌వర్క్’ అని వస్తోంది. కేబుల్ మార్చాను, నాలుగు ల్యాన్ పోర్టుల్లోనూ పెట్టి చూశాను. పెట్టగానే పోర్టు లైటు మిణుకుమిణుకుమంటోంది, అంతే. విండోస్ 10. రేపు పంపాల్సిన ఫైళ్లన్నీ ఇందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
లైటు వెలుగుతోందంటే కేబుల్ బాగానే ఉన్నట్టు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ కొట్టి ఐపీవీ4 అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ కంప్యూటర్‌కి ఉన్న నంబరు) ఎంతుందో చెప్పండి. 169.254తో మొదలైతే మోడెమ్ దగ్గర్నుంచి అడ్రస్ అందక కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుందని అర్థం.

ప్రశ్న అడిగినవారు:
169 కాదండీ. 192.168.0.50 అని ఉంది, గేట్‌వే (నెట్‌కి దారి, అంటే మోడెమ్ అడ్రస్) 192.168.0.1. కొత్త మోడెమ్ స్టిక్కర్ మీద 192.168.1.1 అని ఉంది.

జవాబు 2:
దొరికింది! మూడో అంకె చూడండి. కంప్యూటర్ 0లో ఉంది, మోడెమ్ 1లో ఉంది. సబ్‌నెట్ మాస్క్ (అడ్రస్‌లో ఎంత భాగం నెట్‌వర్క్‌దో చెప్పేది) 255.255.255.0 అయితే మొదటి మూడు అంకెలూ కలవాలి, లేకపోతే పక్కపక్కనే ఉన్నా ఒకదానికొకటి వేరే నెట్‌వర్క్ కిందే లెక్క. పాత మోడెమ్ ఉన్నప్పుడు ఎవరో ఆ అడ్రస్ చేత్తో రాసి పెట్టి ఉంటారు. ఫోన్లు అడ్రస్‌ని మోడెమ్‌నే అడిగి తీసుకుంటాయి, వాటికి ఇబ్బంది రాలేదు.

విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి. ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, అందులో ఐపీ వెర్షన్ 4. అడ్రస్ ఆటోమేటిక్‌గా తీసుకోమని పెట్టండి. పాత అంకెలు మాత్రం ముందు ఒక కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
ప్రింటర్ కోసమని మా తమ్ముడు ఎప్పుడో పెట్టాడట. మీరు చెప్పినట్టే మార్చాను, ఇప్పుడు 192.168.1.7 వచ్చింది. అయినా ఒక్క సైటూ తెరుచుకోవట్లేదు!

జవాబు 2:
కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ 8.8.8.8 కొట్టి చూడండి, బయట నెట్‌లో ఉన్న గూగుల్ సర్వర్ బదులిస్తుందో లేదో తెలుస్తుంది. రిప్లై వస్తే నెట్ వచ్చినట్టే, మిగిలింది డీఎన్‌ఎస్, అంటే సైటు పేరుని అంకెల అడ్రస్‌గా మార్చేది. ఇందాక అడ్రస్ మార్చిన విండోలోనే కింద డీఎన్‌ఎస్‌కి విడిగా సెట్టింగ్ ఉంటుంది. పైన మార్చినా అది మారదు. అక్కడ ఇంకా పాత మోడెమ్ అడ్రసే ఉండి ఉంటుంది. సైటు పేరుకి అంకె చెప్పాల్సిన మోడెమ్ ఇంట్లోనే లేదు కదా, ఇక పేరు కొడితే ఏం తెరుచుకుంటుంది? దాన్ని కూడా ఆటోమేటిక్ చేసేయండి.

ప్రింటర్‌కి మళ్లీ కంప్యూటర్‌లో అంకెలు రాయకండి. నేను ఒకప్పుడు అలాగే రాసి, మోడెమ్ మారిన ప్రతిసారీ ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. బ్రౌజర్‌లో 192.168.1.1 కొడితే వచ్చే మోడెమ్ పేజీలో డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే సెట్టింగ్) కింద అడ్రస్ రిజర్వేషన్ ఉంటుంది, ప్రింటర్ మ్యాక్ అడ్రస్ (ఆ పరికరానికి ఉండే సొంత గుర్తింపు నంబరు) అక్కడ ఇస్తే మోడెమ్ ప్రింటర్‌కి ఎప్పుడూ అదే అంకె ఇస్తుంది. అక్కడికి వెళ్లినప్పుడే స్టిక్కర్ మీదున్న అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చేయండి.

ప్రశ్న అడిగినవారు:
వచ్చిందండీ! డీఎన్‌ఎస్‌లో 192.168.0.1 అలాగే ఉంది, తీసేయగానే మెయిల్ తెరుచుకుంది. ఫైళ్లు ఇప్పుడే పంపేస్తున్నాను, ప్రింటర్ సంగతి రేపు తమ్ముడితో కూర్చుని చూస్తాను. ఇద్దరికీ చాలా చాలా థ్యాంక్స్.