ఏ-లెవెల్స్‌ (A-levels, ఇక్కడి ఇంటర్ లాంటిది)లో మూడు సబ్జెక్టులా, నాలుగా? తెలిసినవాళ్ళు చెప్పండి

నమస్కారం. మేం ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఉంటాం. మా అమ్మాయి ఇప్పుడు ఇయర్ 11, వేసవిలో జీసీఎస్‌ఈ పరీక్షలు (మన టెన్త్ లాంటివి). సెప్టెంబరులో సిక్స్త్ ఫామ్‌కి (ఏ-లెవెల్స్ చదివే రెండేళ్ళు) సబ్జెక్టులు ఎంచుకోవాలి.

నేను విజయవాడలో ఎంపీసీ చదివినవాణ్ణి. మాకు ఎంపీసీ, బైపీసీ, సీఈసీ... ఏదో ఒక గ్రూపు పట్టుకుంటే సరిపోయేది, అది కూడా మా నాన్నగారే పట్టించారు లెండి. ఇక్కడ గ్రూపుల్లేవు, అన్నీ విడివిడిగా ఏరుకోవడమే.

మా అమ్మాయికి మెడిసిన్ మీద మనసుంది, కానీ ఇంజనీరింగ్ కూడా వదులుకోనంటోంది. మ్యాథ్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఖాయం. ఫిజిక్స్ కూడా కలిపి నాలుగు తీసుకుంటానంటోంది. చాలా యూనివర్సిటీలు మూడింటి గ్రేడ్లే చూసి ఆఫర్ ఇస్తాయి కదా, నాలుగోది మోస్తూ మిగతా మూడూ పాడుచేసుకుంటుందేమోనని నా భయం. పైగా మెడిసిన్‌కి యూక్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఒకటి. అలాగని ఫిజిక్స్ మానేస్తే, కేంబ్రిడ్జ్ లాంటి చోట ఇంజనీరింగ్ తలుపు మూసుకున్నట్టే.

నాలుగుతో మొదలుపెట్టి, క్రిస్మస్ నాటికి ఒకటి వదిలేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? స్కూలువాళ్ళు ఒప్పుకున్నారా? వాళ్ళమ్మ మాత్రం మూడే చాలంటోంది.