అమ్మకు మరుపు: వయసు అని వదిలేయవచ్చా, పరీక్షలు చేయించాలా?

తిరుచానూరు ఆడపడుచు:
మా అమ్మకు 71 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ మాత్రలు వేసుకుంటోంది. మాంసం, గుడ్డు ముట్టదు. మూడు నెలలుగా మరుపు బాగా ఎక్కువైంది. పొయ్యి మీద పాలు పెట్టి పెరట్లోకి వెళ్లిపోతుంది. చెప్పిన మాటే గంటలో మూడుసార్లు చెబుతుంది. పోయిన శుక్రవారం అమ్మవారి గుడి నుంచి వస్తూ, ముప్పై ఏళ్లుగా నడిచే దారిలో ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది. పూలమ్మే ఆవిడ చూసి ఇంటికి తీసుకొచ్చింది. అయితే విష్ణుసహస్రనామం ఒక్క తప్పు లేకుండా చెబుతుంది. నా బారసాలకు ఎవరు ఏ చీర పెట్టారో ఇప్పటికీ గుర్తే. అందుకే మా అన్న, "జ్ఞాపకం బాగానే ఉంది, వయసు కదా, ఆస్పత్రుల చుట్టూ తిప్పి భయపెట్టొద్దు" అంటున్నాడు. నాకు మనసు ఒప్పడం లేదు.

పీలేరు రైతు:
మీ అన్న మాటే నాదీ తల్లీ. మా జేజి తొంభై దాటి బతికింది. చివర్లో నన్ను మా నాయన పేరుతో పిలిచేది. దాన్ని మేమెవరం జబ్బు అనుకోలేదు. జుట్టు నెరిసినట్టే మెదడూ నెరుస్తుంది. ఇప్పుడు ముసలితనానికీ స్కానింగ్ తీసి ఒక పేరు పెడుతున్నారు. ఆ పేరు చెవిన పడితే మనిషి సగం కుంగిపోతుంది.

రిటైర్డ్ నర్సు, భవానీనగర్:
అన్నా, మీ జేజిని మీరు చూసుకున్న తీరుకు దండం. కానీ పేరు గుర్తుకు రావడానికి కాసేపు పట్టడం వేరు, రోజూ నడిచే దారి తప్పడం వేరు. మొదటిది వయసుతో వస్తుంది. రెండోది, అదీ మూడు నెలల్లోనే వచ్చిందంటే, కారణం వెతకాల్సిందే.

సహస్రనామం తప్పు లేకుండా చెబుతోంది కాబట్టి పర్వాలేదు అనుకోవద్దు చెల్లీ. కొత్త సంగతిని జ్ఞాపకంగా నిలిపేది మెదడు లోపలుండే హిప్పోకాంపస్ అనే భాగం. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గాలని ఆపరేషన్ చేసి, రెండు వైపులా దాన్ని చాలావరకు తీసేశారు. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్తగా కలిసిన మనిషి కాసేపటికే గుర్తుండేవాడు కాదు. చిన్నప్పటి సంగతులు మాత్రం చెప్పేవాడు. ఎప్పుడో గట్టిపడిన పాత జ్ఞాపకం నిలిచి ఉన్నా, ఈ రోజు సంగతి నిలవకపోవచ్చు. మీ అమ్మగారిలో చూడాల్సింది పొద్దున ఏం తిన్నదో చెప్పగలదా అని.

ఇక కారణాలు. ఆమె వేసుకునే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే, ఏళ్ల తరబడి వాడినవాళ్లలో బి12 విటమిన్ తగ్గవచ్చు. పైగా మాంసం, గుడ్డు తినరు. పాలు, పెరుగు ఒక్కటే చాలకపోవచ్చు. బి12 తగ్గితే నరాల మీది పొర దెబ్బతింటుంది, కాళ్లు తిమ్మిర్లెక్కుతాయి, మరుపు వస్తుంది. థైరాయిడ్ తగ్గినా అంతే, మనిషి మందగిస్తుంది. సోడియం పడిపోయినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెద్దవాళ్లు ఉన్నట్టుండి అయోమయంలో పడతారు. కొన్ని నిద్రమాత్రలూ, కొన్ని అలర్జీ మాత్రలూ మరుపు తెస్తాయి. దిగులు కూడా. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. "వయసు" అని ఊరుకుంటే ఆ చికిత్స అందదు. అదే నా బాధ.

ఎస్వీ యూనివర్సిటీ విద్యార్థి:
జ్ఞాపకం అంటే సాధనే కదా మేడమ్? ధర్మగిరి వేదపాఠశాల పిల్లలు వేదంలో ఎన్ని పనసలు, అంటే ఎన్ని భాగాలు, కంఠస్థం చేస్తారు! అమ్మగారికి రోజూ కొత్త శ్లోకం ఒకటి నేర్పిస్తే?

రిటైర్డ్ నర్సు, భవానీనగర్:
నేర్పించండి బాబూ, మంచిదే. కానీ రక్తంలో బి12 లేనప్పుడు శ్లోకం ఆ లోటు తీర్చదు. వేదపాఠశాల పిల్లలకు సాధనతో పాటు వయసూ, వేళకు నిద్రా ఉన్నాయి. పగలు నేర్చుకున్నది నిద్రలో గట్టిపడుతుంది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకునే మీ తరం కూడా ఇది గుర్తుంచుకోవాలి.

పీలేరు రైతు:
మరి అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బని తేలితే? దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదంటారు. తెలుసుకుని ఏం చేస్తాం?

రిటైర్డ్ నర్సు, భవానీనగర్:
నయం కాదు, నిజమే. కొందరికి లక్షణాలు కొంతకాలం తగ్గించే మందులున్నాయి. అంతకంటే ముఖ్యం, ఆమెకు తెలివి ఉన్నప్పుడే బ్యాంకు, ఇంటి సంగతులు ఎలా కావాలో ఆమెనే అడగవచ్చు. గ్యాస్ దగ్గర ఒంటరిగా వదలకుండా చూసుకోవచ్చు. పదే పదే అడిగితే విసుక్కోకుండా ఉండవచ్చు. మా అత్తగారి మీద నేను రెండేళ్లు విసుక్కున్నాను, అది జబ్బని తెలియక. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు కళ్లు చెమరుస్తాయి.

పీలేరు రైతు:
ఈ మాట ఒప్పుకుంటానమ్మా. రక్తపరీక్ష వరకు చేయించండి. ఆమె ఎదుట మాత్రం "మతి పోయింది" అనే మాట ఎవరూ అనకండి.

తిరుచానూరు ఆడపడుచు:
రాత్రి అమ్మ మాత్రల డబ్బా తీసి చూశాను. షుగర్‌ది మెట్‌ఫార్మినే. దానితో పాటు నిద్రమాత్ర ఒకటి ఉంది! నాన్న సంవత్సరీకం అయ్యాక నిద్ర పట్టడం లేదని, తెలిసినవాళ్లు చెబితే మందుల షాపులో కొనుక్కుందట. నాలుగు నెలలుగా వేసుకుంటోంది, మాకెవరికీ చెప్పలేదు. అన్నకు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. సోమవారం సెలవు పెట్టి తనూ వస్తానన్నాడు. ఆ మాత్ర ఈ రాత్రి నుంచే ఆపేయమంటారా?

రిటైర్డ్ నర్సు, భవానీనగర్:
వద్దు చెల్లీ, ఉన్నట్టుండి ఆపకూడదు. అలా ఆపితే కొందరికి వణుకు, ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరే కొద్దికొద్దిగా తగ్గిస్తారు. బి12 మాత్రలు కూడా మీరే కొని వేయకండి, ముందు రక్తం ఇవ్వండి, లేకపోతే లోటు ఎంతుందో తెలియదు. ఆ డబ్బాను ఉన్నది ఉన్నట్టు సంచిలో పెట్టి తీసుకెళ్లండి.