లాప్‌టాప్‌లో నడిచే సైటు సర్వర్‌లో బిల్డ్ కావడం లేదు, ఎందుకు?

అనంతపురం నుంచి ప్రశ్న: వేరుశెనగ విత్తనాల కొట్టుకు నోడ్‌లో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ కోడ్ నడిపేది) సైటు చేసినాం. నా లాప్‌టాప్‌లో బాగానే ఉంది, సర్వర్‌లో బిల్డ్ (కోడ్‌ను నడిచే సైటుగా తయారుచేసే పని) ఫెయిల్. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదన్నా.

కర్నూలు: కోడ్ కాదు, ప్యాకేజీలు (మీ కోడ్ వాడుకునే బయటివాళ్ల కోడ్) మారినాయి. ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో వెర్షన్ ముందు ^ గుర్తు చూడండి. ^4.2.0 అంటే 5.0.0 లోపు కొత్తది ఏదొచ్చినా దిగొచ్చు. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో ఖచ్చితంగా రాసిపెట్టే లాక్ ఫైలును గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితాలో) పెట్టింటారు. ఆ జాబితాలోంచి దాని పేరు తీసేసి, లాక్ ఫైలును గిట్‌లో కమిట్ చేయండి. సర్వర్‌లో ప్యాకేజీలు దించడానికి ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ కమాండ్ వద్దు, ‘ఎన్‌పీఎం సీఐ’ కొట్టండి. లాక్‌లో ఉన్నదే దించుతుంది, ప్యాకేజ్ డాట్ జేసన్‌తో తేడా ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

కడప: నోడ్ వెర్షన్ కూడా రెండుచోట్లా ఒకటే ఉండాలప్పా. ప్యాకేజీల లైసెన్సులూ చూసుకోండి, ఎవరూ చూడరు గానీ. ఎంఐటీ లైసెన్సుకు కాపీరైట్ నోటీసు, లైసెన్సు పాఠం ఉంచితే చాలు. ఏజీపీఎల్ లైసెన్సున్న కోడ్‌ను మార్చి నెట్‌లో నడిపితే మాత్రం వాడేవాళ్లకు సోర్సు అందుబాటులో పెట్టాల్సిందే.

అనంతపురం: సీఐ కొడితే ప్యాకేజీలు దిగిన పాత నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఉంటుందా?

కర్నూలు: ఉండదు. మొత్తం చెరిపేసి మళ్లీ దించుతుంది.