పాపకు వీడియో కాల్‌లో ఫిజియోథెరపీ పనిచేస్తుందా? కర్నూలు దాకా తిరగలేకపోతున్నాం

ఎమ్మిగనూరు అమ్మ:
అందరికీ నమస్కారం. మా పాప నెలలు నిండకుండా పుట్టింది, చాలా రోజులు బాక్సులో పెట్టారు. ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది గానీ ఆసరా లేకుండా కూర్చోలేదు, నిలబెడితే కాళ్లు రెండూ బిగుసుకుని కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు, అంటే మెదడు దెబ్బతిని కదలికలు సరిగా రాకపోవడమట. కర్నూలు పెద్దాసుపత్రిలో డీఈఐసీలో (ఎదుగుదల సమస్యలున్న చిన్నపిల్లల ప్రభుత్వ కేంద్రం) ఉచితంగానే థెరపీ చేస్తున్నారు, బాగా చూస్తున్నారు కూడా, కానీ పొద్దున బస్సెక్కితే ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుంది, మా ఆయనకు ఆ రోజు మగ్గం నిలిచిపోతుంది, పాప ప్రయాణానికే అలిసిపోయి అక్కడ ఏడుపే ఏడుపు. నెలకోసారి తీసుకురండి, మిగతా వారాలు వీడియో కాల్‌లో చేద్దాం అంటున్నారు మేడమ్. మా అత్తేమో ఫోన్ చూస్తే కాళ్లు వంగుతాయా అంటోంది. ఇంకోపక్క ఇంటర్నెట్‌లో ఎవరో ఆరు నెలల ప్యాకేజీ అని డబ్బు ముందే కట్టమంటున్నారు. చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

అనంతపురం అక్క:
చెల్లీ, మా వాడికి ఎడమ చెయ్యి, ఎడమ కాలు సరిగా రావు. మాకు వీడియో కాల్ బాగా పనికొచ్చింది. ఆసుపత్రిలో చెక్క దిమ్మెలు, రింగులతో చేయించేవాళ్లు, అవి మన ఇళ్లలో ఎక్కడుంటాయి? వీడియోలో మా వంటిల్లు చూసి సార్ అడిగారు, రెండు చేతులూ కావాల్సిన పని మీ ఇంట్లో ఏముందని. జొన్నరొట్టె తుంచడం ఉంది కదా, ఎడమ చేత్తో అదిమి పట్టాలి, కుడి చేత్తో లాగాలి. నేను అంచు కొంచెం చీల్చి ఇస్తే మిగతాది వాడు తుంచాలి. మొదట్లో ఎడమ చెయ్యి పిడికిలి బిగుసుకుని ఒళ్లోకి జారిపోయేది. చెయ్యి పట్టి లాగొద్దు, వాడంతట వాడు తెచ్చేదాకా ఆగండి అన్నారు, ఆగడం చాలా కష్టంగా ఉండేది. ఇప్పుడు అరచెయ్యి పరిచి రొట్టె మీద పెడతాడు. ఆ తర్వాత శనక్కాయలు ఒలవడం మొదలుపెట్టాం (మీరు పక్కనే ఉండాలి, చిన్నపిల్లలు గింజలు నోట్లో వేసుకుంటే గొంతుకు అడ్డం పడతాయి). తిండి దగ్గరే థెరపీ జరిగిపోతుంది, దానికోసం వేరేగా కూర్చోబెట్టి ఏడిపించే పని లేదు.

కడప, ఫిజియోథెరపిస్ట్:
అమ్మా, మీ మేడమ్ చెప్పిన పద్ధతి సరైనదే, నెలకోసారి వెళ్లడం మాత్రం మానొద్దు. కండరం ఎంత బిగుసుగా ఉందో చేత్తో పట్టి చూడాల్సిందే, ఫోన్‌లో తెలియదు. కాలి స్ప్లింట్ (కాలు సరైన తీరులో ఉండేలా తొడిగే పట్టీ) కొలతలూ అంతే. కాళ్లు అలా దగ్గరికి బిగుసుకునే పిల్లల్లో తుంటి కీలు మెల్లగా పక్కకు జరిగే ప్రమాదం ఉంది, మొదట్లో నొప్పి కూడా తెలియకపోవచ్చు, అందుకే డాక్టరు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించండి.

మీ అత్తగారికి ఇలా చెప్పండి. కాల్‌లో మేం మీ చేత చేయిస్తాం. పాపను రోజంతా ఎత్తుకునేది, కూర్చోబెట్టేది, తినిపించేది మీరే, ఆ పనులు ఎలా చేయాలో మీకు తెలిస్తే మేం వారానికోసారి చేసేదానికంటే ఎక్కువ మేలు. పది సార్లు వంచండి, ఇరవై సార్లు సాగదీయండి అని చెప్పి పెట్టేసే కాల్ అయితే దానికి డబ్బు పెట్టొద్దు. పాప తనంతట తాను ప్రయత్నించాలి, మెదడు నేర్చుకునేది అప్పుడే. నూనె మర్దన చేసుకోండి, తప్పు లేదు, దానివల్ల కూర్చోవడం మాత్రం రాదు. చంకన ఎత్తుకునేటప్పుడు కాళ్లు మీ నడుముకు చెరో వైపు రావాలి. చిన్న పీట మీద పాదాలు పూర్తిగా నేలకు ఆనేలా కూర్చోబెట్టి, మీరు వెనక కూర్చుని నడుం దగ్గర మాత్రమే పట్టుకోండి, ఎదురుగా ఇష్టమైన వస్తువు పెట్టండి. చక్రాల వాకర్‌లో వేయొద్దు.

ఫోన్ నేల మీద బిందెకు ఆనించి, పక్కనుంచి తల నుంచి పాదాల దాకా కనిపించేలా పెట్టండి. సిగ్నల్ లేకపోతే తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు చిన్న వీడియో తీసి పంపండి, ఒక్కోసారి కాల్ కంటే మాకు అందులోనే ఎక్కువ తెలుస్తుంది. ఫిట్స్ వచ్చినా, తొడ కదిపితే ఏడ్చినా, తినేటప్పుడు మాటిమాటికీ పొలమారినా, ఇదివరకు చేసింది చేయలేకపోతున్నా కాల్ కోసం ఆగకుండా నేరుగా తీసుకెళ్లండి.

ఆదోని నాన్న:
చెల్లెమ్మా, అందరూ మంచిదే చెప్పారు గానీ నాదొక మాట. మా వైపు మిరప కోతలకు గుంటూరు వలస పోతే ఇంట్లో ముసలివాళ్లూ పిల్లలే మిగులుతారు, ఫోను మాతో వచ్చేస్తుంది. అలాంటి ఇంటికి వీడియో కాల్ అని చెప్పి వదిలేస్తే బిడ్డకు ఏమీ అందనట్టే. అందుకే మీ మండలంలో భవిత కేంద్రానికి (వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) వెళ్లి ఫిజియోథెరపిస్ట్ ఏ రోజు వస్తారో కనుక్కో. డబ్బు ముందే కట్టమనేవాళ్ల జోలికి పోవద్దు. వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆ పైన వస్తే నెలకు 6,000 పింఛనుకు పెట్టుకోవచ్చు, స్లాట్ కోసం సచివాలయంలో అడుగు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా సెరిబ్రల్ పాల్సీకి వర్తిస్తుంది, ఏడాదికి లక్ష దాకా, థెరపీ ఖర్చు కూడా అందులోనే.

ఎమ్మిగనూరు అమ్మ:
అందరికీ చాలా థాంక్స్. అత్తకు చదివి వినిపించా, చంకన ఎత్తుకునేది ఎట్లాగో మళ్లీ మళ్లీ అడిగింది. సార్, మా పీట ఎత్తు ఎక్కువ, పాప పాదాలు నేలకు అందవు. కింద ఏమైనా పెట్టొచ్చా?

కడప, ఫిజియోథెరపిస్ట్:
పెట్టొచ్చమ్మా. కదలకుండా ఉండే చెక్క పలక చాలు, లేదంటే ఇటుకలకు గుడ్డ గట్టిగా చుట్టి పెట్టండి. తొడలు నేలకు సమాంతరంగా ఉండాలి, మడమలు లేవకూడదు. ఈసారి కాల్‌లో పక్కనుంచి మీ మేడమ్‌కు చూపించి ఎత్తు సరిచేయించుకోండి.